జంట సర్వర్లలో ప్రైమరీ ఏది?

ఒకే సమాచారం ఉన్న రెండు కంప్యూటర్లు. రాసే అధికారం మాత్రం ఒక్కదానికే. ఆ ఒక్కటి ఏదో పోల్చుకోవడంలో పొరపాటు జరిగితే?

2021 మార్చి 8, సోమవారం సాయంత్రం. కోల్‌కతాలో హుగ్లీ నది పక్కన స్ట్రాండ్ రోడ్డులో ఉన్న న్యూ కొయిలాఘాట్ భవనం పదమూడో అంతస్తులో మంటలు చెలరేగాయి. తూర్పు రైల్వే, ఆగ్నేయ రైల్వే కార్యాలయాలు నడిచే భవనం అది. మంటలు ఆర్పడానికి వెళ్లిన నలుగురు అగ్నిమాపక సిబ్బందితో సహా తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో కొందరు లిఫ్టులో చిక్కుకుని మరణించారు.

ఆ విషాదంతో పోలిస్తే చిన్నదే కానీ, అదే రాత్రి మరో సమస్య కూడా తలెత్తింది. భవనానికి విద్యుత్ సరఫరా ఆపేయాల్సి వచ్చింది. దాంతో తూర్పు, ఈశాన్య ప్రాంతాల రైళ్లకు కంప్యూటర్ టికెట్ బుకింగ్ స్తంభించింది. కారణం, ఆ బుకింగ్ నడిపే సర్వర్లు అక్కడే ఉండటం. మంటలు సర్వర్లను తాకనక్కర్లేదు. కరెంటు పోతే చాలు. గువాహటిలో ఉన్న ప్రయాణికుడికి కోల్‌కతాలోని ఒక భవనంతో సంబంధం ఉందని అప్పటిదాకా తెలియకపోవచ్చు. ఆ రాత్రి తెలిసింది.

ఇలాంటి ప్రమాదాలకు విరుగుడుగా ఇంజినీర్లు ఎప్పటినుంచో ఒక పద్ధతి పాటిస్తున్నారు. సమాచారాన్ని ఒకే చోట కాకుండా రెండు చోట్ల ఉంచడం. ఒకటి పని చేస్తుంటే, రెండోది దాని నకలును పట్టుకుని సిద్ధంగా ఉంటుంది. మొదటిదాన్ని ప్రైమరీ సర్వర్ అనీ, రెండోదాన్ని స్టాండ్‌బై సర్వర్ అనీ అంటారు. వినడానికి తేలికగానే ఉంది. కానీ ఈ ఏర్పాటుతో పాటే ఒక చిక్కు ప్రశ్న కూడా వచ్చి చేరుతుంది. అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్న ఈ రెండింటిలో, ఈ క్షణాన, ప్రైమరీ ఏది?

ఒక బెర్తు, ఒకే జవాబు

రైల్వే రిజర్వేషన్‌ను తీసుకుంటే ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో సులువుగా అర్థమవుతుంది. 1980ల మధ్యలో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. తరువాత ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు వచ్చాయి. మొదట్లో ఏ కేంద్రం రైళ్లు ఆ కేంద్రానివే. రైల్వే సమాచార వ్యవస్థల సంస్థ క్రిస్ తయారు చేసిన ‘కాన్సర్ట్’ అనే సాఫ్ట్‌వేర్‌తో 1999 నాటికి ఈ ఐదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి కలిశాయి. అప్పటినుంచి దేశంలో ఎక్కడి కౌంటర్లోనైనా, ఎక్కడి రైలుకైనా టికెట్ తీసుకోవడం సాధ్యమైంది.

ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. టికెట్ ఎక్కడైనా కొనవచ్చు కానీ, ఫలానా రైలులో ఫలానా బెర్తు ఖాళీగా ఉందా లేదా అన్నది తేల్చే చోటు ఒక్కటే ఉండాలి. కోల్‌కతా వైపు నుంచి విజయవాడ మీదుగా చెన్నై వెళ్లే రైలులో ఒకే ఒక్క బెర్తు మిగిలిందనుకుందాం. దాని కోసం విజయవాడలో ఒకరు, భువనేశ్వర్‌లో మరొకరు ఒకే క్షణంలో బటన్ నొక్కారు. ఇద్దరి కోరికా ఒకే చోటికి చేరితే, ఒకటి ముందూ ఒకటి వెనుకా అవుతాయి. ఒకరికి బెర్తు, ఇంకొకరికి వెయిటింగ్ లిస్టు. అలా కాకుండా రెండు వేర్వేరు సర్వర్లు ‘తేల్చేది నేనే’ అనుకుంటే ఇద్దరి చేతిలోనూ అదే బెర్తు నంబరు ఉంటుంది. ఆ తగవు అర్ధరాత్రి బోగీలో టీటీఈ తీర్చాల్సిందే.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని తెలుగు సామెత. డేటాబేస్‌లో ఒక సమాచారానికి రెండు ప్రైమరీలు ఇమడవు.

చిట్టా, ఆవర్జా

నకలు ఎలా తయారవుతుందో తెలిస్తే, ప్రైమరీకీ స్టాండ్‌బైకీ తేడా ఎక్కడుందో తెలుస్తుంది. దీనికి పాతకాలపు షావుకారు కొట్టును గుర్తు చేసుకుంటే చాలు. కొట్టులో రెండు పుస్తకాలు ఉండేవి. జరిగిన ప్రతి లావాదేవీని జరిగిన వరుసలోనే రాసుకునేది చిట్టా. ఎవరి పద్దు కింద ఎంత ఉందో విడివిడిగా చూపేది ఆవర్జా. ముందు చిట్టాలో రాసి, తరువాత తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఆవర్జా చినిగిపోయినా బెంగలేదు. చిట్టా ఉంటే మొదటినుంచి మళ్లీ రాసుకోవచ్చు.

నేటి డేటాబేస్‌లూ ఇదే పని చేస్తాయి. ‘ఫలానా బెర్తు ఫలానా వ్యక్తికి కేటాయించాం’ అన్న మార్పును ముందుగా లాగ్ అనే వరుస పుస్తకంలో రాసి, డిస్కు మీద భద్రపరిచాకే ‘సరే, అయింది’ అని జవాబిస్తాయి. అసలు పట్టికల్లోకి ఆ మార్పు ఆ తరువాత చేరుతుంది. మధ్యలో కరెంటు పోతే, తిరిగి లేచాక లాగ్‌ను చదువుకుంటూ పట్టికలను సరిచేసుకుంటాయి. ఈ దశకు రికవరీ అని పేరు, అంటే కోలుకోవడం.

నకలు తయారు చేయడానికి ఇంజినీర్లకు ఇదే దారి చూపింది. ప్రైమరీ రాస్తున్న చిట్టాను ఎప్పటికప్పుడు ఇంకో కంప్యూటర్‌కు పంపుతుంటే? అది ఆ చిట్టాను చదువుకుంటూ తన దగ్గరున్న ఆవర్జాను అదే క్రమంలో సవరించుకుంటుంది. అదే స్టాండ్‌బై. ఒక రకంగా చూస్తే స్టాండ్‌బై అంటే ఎప్పటికీ కోలుకుంటూనే ఉండే సర్వర్. దాని రికవరీ ముగిసేది, అది ప్రైమరీగా మారిన రోజునే.

ప్రపంచమంతటా విరివిగా వాడే ఉచిత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. రైల్వే రిజర్వేషన్ నడిచే సాఫ్ట్‌వేర్ వేరు, కానీ చిక్కు ఒకటే. 2010లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.0 నుంచి చిట్టాను ఎడతెగని ప్రవాహంలా స్టాండ్‌బైకి పంపే వీలు కలిగింది. ఆ స్టాండ్‌బైని చదవడానికి వాడుకునే వీలూ అప్పుడే వచ్చింది. అంటే స్టాండ్‌బై ఊరికే మూలన కూర్చోదు. నివేదికలు, వెతుకులాటలు వంటి చదివే పనులు చేస్తుంది. రాయమంటే మాత్రం నిరాకరిస్తుంది.

సరిగ్గా ఇక్కడే పోలిక మనిషిని తికమక పెడుతుంది. రెండు యంత్రాల్లోనూ అవే పట్టికలు, అవే వరుసలు, అవే పేర్లు. ఏ ప్రశ్న అడిగినా రెండూ ఒకే జవాబు చెబుతాయి. కవల పిల్లల్ని కన్నతల్లి పోల్చుకోగలదేమో కానీ, అర్ధరాత్రి నిద్రకళ్లతో తెర ముందు కూర్చున్న ఇంజినీరుకు అది అంత తేలిక కాదు.

ఒక రాత్రి, ఒక ఆదేశం

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగింది అదే. సాఫ్ట్‌వేర్ రాసేవారు తమ పనిని భద్రపరచుకునే వేదిక అది. ఆ సంస్థ తన అనుభవాన్ని దాచుకోకుండా బహిరంగంగా వివరించింది కాబట్టి ప్రపంచమంతా దాని నుంచి నేర్చుకోగలిగింది.

ఆ రోజు డేటాబేస్ మీద భారం విపరీతంగా పెరిగింది. ప్రైమరీ రాస్తున్న వేగాన్ని స్టాండ్‌బై అందుకోలేక బాగా వెనకబడింది. అది ఇంకా చదవని చిట్టా పుటలను ప్రైమరీ తన దగ్గర నుంచి తొలగించేసింది. ఇక చేయగలిగింది ఒక్కటే. స్టాండ్‌బై మీద ఉన్నదంతా చెరిపేసి, ప్రైమరీ నుంచి కొత్తగా పూర్తి నకలు తీసుకోవాలి. రెండు యంత్రాల పేర్లలో తేడా ఒక్క అంకె: ఒకటి డీబీ1, ఇంకొకటి డీబీ2.

నకలు తీసే ప్రయత్నాలు ఒకటికి రెండుసార్లు విఫలమయ్యాయి. స్టాండ్‌బై మీద మిగిలిన పాత ఫైళ్లు అడ్డుపడుతున్నాయేమోనని ఒక ఇంజినీరు వాటిని చెరిపేసే ఆదేశం ఇచ్చారు. ఒకటి రెండు సెకన్లలోనే పొరపాటు తెలిసింది. ఆదేశం వెళ్లింది స్టాండ్‌బైకి కాదు, ప్రైమరీకి. ఆపేసేలోపే సుమారు 300 గిగాబైట్ల సమాచారంలో నాలుగున్నర గిగాబైట్లు మాత్రమే మిగిలింది.

రోజూ బ్యాకప్ తీయాల్సిన ఏర్పాటు కొంతకాలంగా పనిచేయడం లేదని అప్పుడే బయటపడింది. అది విఫలమైనప్పుడు రావాల్సిన ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టం కొద్దీ, ఇంకో అవసరం కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసి పెట్టిన నకలు ఒకటి దొరికింది. దాని సాయంతో మరుసటి రోజు సేవలు పునరుద్ధరించారు. ఆ ఆరు గంటల్లో చేరిన సమాచారం మాత్రం శాశ్వతంగా పోయింది. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు ప్రభావితమయ్యాయని సంస్థ అంచనా వేసింది.

తరువాత చేపట్టిన దిద్దుబాట్లలో ఒకటి చాలా చిన్నది. ఏ యంత్రం మీద పని చేస్తున్నారో ఆదేశం టైపు చేసే చోటే స్పష్టంగా కనిపించేలా మార్చడం. ఖరీదైన యంత్రాలు, సంక్లిష్టమైన సాఫ్ట్‌వేర్ ఉన్న చోట చివరికి పట్టించుకోవాల్సి వచ్చింది ‘నేను ఇప్పుడు ఎక్కడున్నాను?’ అన్న ప్రశ్నని.

పేరును కాదు, సర్వర్‌నే అడగాలి

యంత్రాల మీద ‘ప్రైమరీ’, ‘స్టాండ్‌బై’ అని చీటీలు అంటిస్తే సరిపోదా అనిపించవచ్చు. సరిపోదు. ప్రైమరీ అన్నది ఊరి పేరు లాంటిది కాదు, సర్పంచి పదవి లాంటిది. నిన్న ఒకరిది, నేడు ఇంకొకరిది కావచ్చు. ప్రైమరీ చెడిపోయి స్టాండ్‌బై దాని స్థానంలోకి వచ్చాక, పాత చీటీ అబద్ధం చెబుతుంది. చీటీ లేకపోవడం కన్నా అది ప్రమాదం.

కాబట్టి అడగాల్సింది ఆ సర్వర్‌నే, అదీ పని మొదలుపెట్టే క్షణంలోనే. పోస్ట్‌గ్రెస్‌లో ఇందుకు ఒక చిన్న ప్రశ్న ఉంది: ‘పీజీ_ఈజ్_ఇన్_రికవరీ’. నువ్వు ఇంకా కోలుకునే దశలోనే ఉన్నావా అని దాని అర్థం. ‘అవును’ అంటే అది స్టాండ్‌బై. ‘కాదు’ అంటే ప్రైమరీ. చిట్టా చదువుతూ ఉండటమే స్టాండ్‌బై స్వభావం కాబట్టి, ఆ స్వభావాన్నే నేరుగా అడుగుతున్నాం. ఇంతకంటే సూటైన గుర్తు లేదు.

మిగతా గుర్తులు కూడా ఉన్నాయి. కానీ ఒక్కోదానికి ఒక్కో మెలిక.

ఏదైనా రాసి చూడటం ఒక పద్ధతి. రాయనివ్వకపోతే స్టాండ్‌బై అనుకోవచ్చు. అయితే నిర్వాహకులు కావాలనే ప్రైమరీని కూడా చదవడానికి మాత్రమే పరిమితం చేసి ఉండవచ్చు. రాయనివ్వని ప్రతిదీ స్టాండ్‌బై కాదు.

సర్వర్‌లో నడుస్తున్న పనుల జాబితా చూడటం ఇంకో పద్ధతి. చిట్టాను పంపే పని కనిపిస్తే ప్రైమరీ, అందుకునే పని కనిపిస్తే స్టాండ్‌బై అనుకుంటారు. కానీ 2012లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.2 నుంచి ఒక స్టాండ్‌బై తాను అందుకున్న చిట్టాను మరో స్టాండ్‌బైకి అందించగలదు. అప్పుడు మధ్యలో ఉన్నది అందుకుంటూనే పంపుతుంది కూడా. మరోవైపు, స్టాండ్‌బైలన్నీ ఆగిపోయి ఉంటే ప్రైమరీలో పంపే పని ఒక్కటీ కనిపించదు.

ఫైళ్లు చూడటం మూడోది. 2019లో వచ్చిన పన్నెండో వెర్షన్ నుంచి, సర్వర్ ఫోల్డర్‌లో ‘స్టాండ్‌బై.సిగ్నల్’ అనే ఖాళీ ఫైలు ఉంటే అది స్టాండ్‌బైగా లేస్తుంది. ప్రైమరీగా మారినప్పుడు ఆ ఫైలు తొలగిపోతుంది. కానీ నడుస్తున్న ప్రైమరీ ఫోల్డర్‌లో ఎవరైనా పొరపాటున ఆ ఫైలు పెట్టారనుకుందాం. అప్పటికి ఏమీ కాదు. మళ్లీ ఆపి లేపిన రోజున అది స్టాండ్‌బైగా లేస్తుంది. అంటే ఆ ఫైలు చెప్పేది సర్వర్ ఇప్పుడు ఏమిటన్నది కాదు, తిరిగి లేచినప్పుడు ఏమవుతుందన్నది.

ఈ పోలిక పట్టే పనిని ప్రతిసారీ మనిషే చేయనక్కర్లేదు. 2017లో వచ్చిన పదో వెర్షన్ నుంచి, డేటాబేస్‌ను వాడుకునే అప్లికేషన్‌కు రెండు సర్వర్ల చిరునామాలూ ఇచ్చి ‘వీటిలో రాయనిచ్చేది ఏదో దానికి కలుపు’ అని చెప్పవచ్చు. అది ఒక్కోదాన్నీ పలకరించి సరైనదాన్ని ఎంచుకుంటుంది. 2021లో వచ్చిన పద్నాలుగో వెర్షన్‌లో ‘ప్రైమరీకే కలుపు’, ‘స్టాండ్‌బైకే కలుపు’ అని విడివిడిగా కోరే వీలు వచ్చింది. రాయనివ్వడమూ ప్రైమరీ కావడమూ ఒకటి కాదన్న మెలికను సాఫ్ట్‌వేర్ కూడా గుర్తించిందన్నమాట.

ఇద్దరూ ‘నేనే’ అంటే?

ఇప్పటిదాకా చూసిన పద్ధతులన్నీ ఒక నమ్మకం మీద ఆధారపడ్డాయి. సర్వర్‌ను అడిగితే నిజం చెబుతుందని. సర్వర్ అబద్ధమాడదు. కానీ దానికి నిజం తెలియకపోవచ్చు.

రెండు నగరాల్లో రెండు సర్వర్లు. వాటి మధ్య కేబుల్ తెగింది. స్టాండ్‌బైకి ప్రైమరీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ప్రైమరీ కాలిపోయిందా, లేక బాగానే ఉండి దారి మాత్రమే తెగిందా? స్టాండ్‌బై ఉన్న చోటు నుంచి చూస్తే రెండింటికీ తేడా తెలిసే మార్గమే లేదు. మౌనానికి కారణం మౌనంలో దొరకదు. అది మొదటి కారణమే అనుకుని ప్రైమరీగా మారిందనుకుందాం. నిజానికి రెండో కారణమైతే, అక్కడ పాత ప్రైమరీ ఇంకా రాస్తూనే ఉంటుంది. ‘కోలుకుంటున్నావా’ అని ఎవరిని అడిగినా ‘కాదు’ అనే జవాబు. ఇద్దరూ నిజాయితీగానే చెబుతారు. ఈ స్థితిని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు, అంటే మెదడు రెండుగా చీలడం.

2018 అక్టోబరు 21న గిట్‌హబ్ సంస్థకు ఇలాంటి అనుభవమే ఎదురైంది. అమెరికా తూర్పు తీరంలో పాడైన ఒక నెట్‌వర్క్ పరికరాన్ని మార్చే క్రమంలో సంబంధాలు తెగిపోయాయి. తెగింది 43 సెకన్లే. ఆ కాస్త వ్యవధిలోనే స్వయంచాలక ఏర్పాటు తూర్పు తీరం పోయిందని భావించి, పశ్చిమ తీరంలోని సర్వర్లను ప్రైమరీలుగా చేసింది. దారి తిరిగి కలిశాక చూస్తే, తూర్పున ఉన్న కొన్ని రాతలు పశ్చిమాన లేవు. పశ్చిమాన చేరినవి తూర్పున లేవు. బాగా రద్దీగా ఉండే ఒక డేటాబేస్‌లో ఇలా చిక్కుబడిన రాతలు 954. వాడుకరుల సమాచారం పోకూడదన్న నిర్ణయంతో సంస్థ నెమ్మదిగా, జాగ్రత్తగా సరిచేసుకుంటూ వచ్చింది. సేవలు పూర్తిగా కుదుటపడటానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. 43 సెకన్ల గందరగోళానికి ఒక రోజు మూల్యం.

ఇద్దరి మధ్య తగవు తేల్చాలంటే మూడోవారు కావాలి. శాస్త్రజ్ఞులు కూడా ఇదే చెబుతున్నారు. సభ్యుల సంఖ్య మూడు, ఐదు వంటి బేసి సంఖ్యగా పెట్టి, సగం కన్నా ఎక్కువ మంది ఒప్పుకుంటేనే ఎవరైనా ప్రైమరీ కావాలన్న నియమం పెడతారు. ముగ్గురిలో ఇద్దరు ఒకవైపు ఉంటే, రెండోవైపు మిగిలేది ఒక్కరే. రెండువైపులా ఒకేసారి మెజారిటీ ఉండటం అసాధ్యం. ఈ సాదా లెక్కే స్ప్లిట్ బ్రెయిన్‌కు మందు. మూడో సభ్యుడి దగ్గర మొత్తం సమాచారం ఉండనక్కర్లేదు. ఓటు ఉంటే చాలు.

ఓటుతో పాటు మరో గుర్తు కూడా కావాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డియెగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ 2014లో ప్రచురించిన ‘రాఫ్ట్’ పద్ధతిలో ప్రతి నాయకుడికీ పదవీకాలం సంఖ్య ఒకటి ఉంటుంది. ఎన్నిక జరిగిన ప్రతిసారీ అది పెరుగుతుంది. పాత నాయకుడు తిరిగొచ్చి ‘నేనే’ అంటే, ‘నీది ఏడో పదవీకాలం, ఇప్పుడు నడుస్తున్నది ఎనిమిదో’ అని మిగతావారు చెబుతారు. అది తప్పుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. స్టాండ్‌బై ప్రైమరీగా మారినప్పుడల్లా దాని ‘టైమ్‌లైన్’ సంఖ్య ఒకటి పెరుగుతుంది. చరిత్ర ఏ చోట చీలిందో కూడా నమోదవుతుంది. రెండూ ప్రైమరీనంటున్నప్పుడు ఎవరు తరువాత పదవిలోకి వచ్చారో చెప్పే ఆధారం ఇదే.

తిరిగొచ్చిన పాత ప్రైమరీకి తన పదవి పోయిందని తెలిసేలోపు ఎవరైనా దానికి రాసేస్తే ఎలా? ఇందుకు రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఒకటి, పదవిని కౌలుకివ్వడం. పోస్ట్‌గ్రెస్ సర్వర్లను కనిపెట్టుకుని ఉండే పాట్రోనీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ కౌలు గడువు మామూలుగా 30 సెకన్లు. గడువులోగా పొడిగించుకోలేకపోతే ప్రైమరీ తనంతట తానే దిగిపోవాలి. రెండోది మరీ మొరటుది. కొత్త ప్రైమరీ బాధ్యత తీసుకునే ముందే పాతదాని కరెంటు తీసేయడం. అది బతికే ఉందో లేదో తెలియనప్పుడు, లేదని ఖాయం చేసుకోవడమన్నమాట.

దూరం చేసే మేలు, కీడు

స్టాండ్‌బై ఎక్కడ ఉండాలి? పక్క గదిలో ఉంటే చిట్టా క్షణాల్లో చేరుతుంది. కానీ కొయిలాఘాట్ వంటి ప్రమాదం జరిగితే రెండూ ఒకేసారి ఆగిపోతాయి. అదే నగరంలో ఇంకో భవనంలో పెట్టినా పూర్తి భరోసా లేదు. 2020 మే 20న అంఫన్ తుపాను వచ్చినప్పుడు కోల్‌కతాలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు, ఇంటర్నెట్ లేవు. కాబట్టి స్టాండ్‌బై దూరంగా, మరో తుపాను దారిలో, మరో విద్యుత్ గ్రిడ్ భాగంలో ఉండాలి.

దూరానికి కాంతి వేగం పన్ను వసూలు చేస్తుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఉదాహరణకు కోల్‌కతా నుంచి హైదరాబాద్ గాలిదారిన సుమారు 1,200 కిలోమీటర్లు. చిట్టాలోని ఒక వాక్యం అక్కడికి చేరి, ‘అందింది’ అన్న మాట తిరిగి రావడానికి కనీసం 12 మిల్లీసెకన్లు కావాలి. నిజానికి కేబుళ్లు నిటారుగా ఉండవు, మధ్యలో పరికరాలు ఉంటాయి కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. ప్రతి రాతకూ ఆ జవాబు కోసం ఆగితే పని నెమ్మదిస్తుంది. పైగా స్టాండ్‌బై పలకకపోతే ప్రైమరీ కూడా చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుంది. ఆగకుండా సాగిపోతే, ప్రైమరీ కాలిపోయిన క్షణంలో దారిలో ఉన్న చివరి కొన్ని రాతలు పోతాయి. డబ్బు లెక్కలకు ఒక పద్ధతి, వార్తల వ్యాఖ్యలకు ఇంకో పద్ధతి తగినది కావచ్చు. ఏది పోయినా ఫర్వాలేదో, ఏది పోకూడదో ముందే తేల్చుకోవాలి. ఆ నిర్ణయం యంత్రాలు తీసుకునేది కాదు.

పరీక్ష పెట్టిన నకలే నకలు

స్టాండ్‌బై ఉందని కాగితం మీద రాసుకుంటే చాలదు. అవసరం వచ్చిన రోజున దానికి మారగలగాలి. మన దేశంలో 2021 ఫిబ్రవరి 24న సాంకేతిక లోపంతో నేషనల్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో గంటల తరబడి లావాదేవీలు నిలిచిపోయాయి. దాని తరువాత సెబీ నిబంధనలు కఠినం చేసింది. కీలక వ్యవస్థలు ఆగిపోతే 30 నిమిషాల్లోగా దాన్ని విపత్తుగా ప్రకటించాలి. ఆపై 45 నిమిషాల్లో ప్రత్యామ్నాయ కేంద్రం నుంచి పని మొదలవ్వాలి. గమనిస్తే, మొదటి గడువు యంత్రాలకు కాదు, మనుషులకు. కాసేపు చూద్దాం, బాగైపోతుందేమో అన్న తటపటాయింపుకు పెట్టిన హద్దు అది.

2024 మార్చి 2న, శనివారం సెలవు అయినా, స్టాక్ ఎక్స్చేంజీలు ప్రత్యేకంగా తెరిచారు. కొద్దిసేపు ప్రధాన కేంద్రం నుంచి, విరామం తరువాత ప్రత్యామ్నాయ కేంద్రం నుంచి లావాదేవీలు నడిపి చూశారు. ఏ ప్రమాదమూ లేనప్పుడు, పగటి వెలుగులో, అందరూ మెలకువగా ఉన్నప్పుడు పదవి చేతులు మారడం చూడటమే ఇలాంటి కసరత్తు ఉద్దేశం. ఏ అప్లికేషన్ ఇంకా పాత చిరునామాకే పోతోందో, ఏ చీటీ మీద పేరు మార్చలేదో అప్పుడే బయటపడుతుంది.

కోల్‌కతాలో ఆగిన బుకింగ్ తరువాత తిరిగి మొదలైంది. కౌంటర్ ముందు నిలబడ్డవారు ఎప్పటిలాగే ఫారం నింపారు, డబ్బు కట్టారు, బెర్తు నంబరు చూసుకున్నారు. ఆ నంబరు ఏ సర్వర్ ఇచ్చిందో ఎవరూ అడగరు, అడగాల్సిన పనీ లేదు. ఆ ప్రశ్న అడగాల్సినవారు వేరే ఉన్నారు. రాత్రి షిఫ్టులో తెర ముందు కూర్చుని, చెరిపేసే ఆదేశం టైపు చేసి, ఎంటర్ నొక్కబోయే ముందు ఒక్క క్షణం ఆగి సర్వర్‌ను అడిగేవారు: నువ్వు ఇంకా కోలుకుంటున్నావా?